మాలిక్ కాఫర్‌కు చప్పట్లు వద్దు

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా, రాజురా పక్కన పల్లె. ఇక్కడి తెలుగువాళ్లం ఏటా గణపతి నవరాత్రుల్లో నాటకం ఆడుతాం. ఈసారి ఓరుగల్లు మీదికి మాలిక్ కాఫర్ వచ్చిన కథ రాస్తున్న. కాఫర్ ఖోజా కదా, ఆ వేషగాడు సన్నగొంతుతో, నడుము తిప్పుకుంట, చప్పట్లు కొట్టుకుంట వస్తే జనం నవ్వుతరని దర్శకుడు అంటున్నడు. మా దగ్గర డోలక్ వాయించే హిజ్రా అక్క "అట్లయితే నేను రాను" అన్నది. ఇంకొకాయన "ఎద్దులకు చేసేదే వాళ్లకు చేసిండ్రు, పౌరుషం యాడుంటది" అని ఒక డైలాగ్ పెట్టమంటున్నడు. ఖోజాలను అసలు ఎందుకు చేసేవాళ్లు? అన్ని దేశాల్లో ఉన్నరా? వాళ్లు, హిజ్రాలు ఒకటేనా? ఆ కోత సీన్ స్టేజీ మీద చూపొచ్చా? చివరి సీన్‌లో కాఫర్ కోట కూల్చి ప్రతాపరుద్రుణ్ణి బంధించి తీసుకపోతడు. వేషం, గొంతు ఎట్లుండాలెనో చెప్పండి.

జవాబు: ముందు ఆ చప్పట్లు తీసేయించండి. మీ అక్క అలగడం ఒక్కటే కారణం కాదు, చరిత్రకు కూడా అది పొసగదు. చప్పట్లు కొట్టి, పెళ్లింటికీ బిడ్డ పుట్టిన ఇంటికీ వెళ్లి దీవించి, కానుక పుచ్చుకునే ఆచారం హిజ్రా సమాజానిది. కాఫర్ బతికిన లోకం వేరు. గుజరాత్‌లోని ఖంభాత్ రేవులో ఒక వర్తకుడి దగ్గర బానిసగా ఉన్నవాణ్ణి 1299 దండయాత్రలో అల్లావుద్దీన్ ఖిల్జీ సేనాని నుస్రత్ ఖాన్ లాక్కుని ఢిల్లీకి తెచ్చాడు. 'హజార్ దీనారీ', అంటే వెయ్యి దీనార్ల ఖరీదువాడు అన్న పేరు అతనికి అప్పటికే ఉంది. నుస్రత్ ఖాన్ మాత్రం ఒక్క దీనారం ఇవ్వలేదు. పదేళ్లు తిరిగేసరికి ఆ బానిస ఢిల్లీ సైన్యాన్ని దక్షిణానికి నడిపించే స్థాయికి వచ్చాడు.

ఖోజాల (బీజాలు కోయబడిన మగవాళ్ల) గురించి ఏ దేశపు కథ చదివినా మూడు సంగతులు వెతకండి: ఏ వయసులో కోశారు, ఏం కోశారు, ఎవరి కోసం కోశారు. గొంతు, ఒళ్లు, హోదా అన్నీ ఈ మూడింటి మీదే ఆధారపడతాయి. నాటకాల్లో, సినిమాల్లో కనిపించే ఖోజా వేషం ఈ మూడింటినీ పట్టించుకోదు. అందుకే ఢిల్లీవాడైనా చైనావాడైనా ఒకే నడుము తిప్పుడు.

వయసు ముందు. మగపిల్లాడికి సుమారు పన్నెండు, పదమూడేళ్ల నుంచి వృషణాలు టెస్టోస్టిరాన్‌ను పెద్ద మోతాదులో తయారు చేయడం మొదలుపెడతాయి. కంఠం పెద్దదై గొంతు మారడం, గడ్డం మీసం రావడం, కండ పట్టడం దాని పనే. ఎముకల చివర్లలో ఉండే పెరుగుదల పొరలు మూసుకుని ఎత్తు ఆగిపోవడం కూడా వయసుతో పాటు వచ్చే ఆ మార్పుల్లో భాగమే. ఆ వయసుకు ముందే వృషణాలు తీసేస్తే గొంతు మారదు, గడ్డం రాదు, నెత్తి బట్టతల కాదు. ఎముకల పొరలు వేళకు మూసుకోవు కాబట్టి కాళ్లు, చేతులు, వేళ్లు పెరుగుతూనే పోతాయి. చిన్నప్పుడే కోసినవాళ్లు చాలామంది పొడగరులు. తుంటి దగ్గర, ఛాతీ మీద కొవ్వు చేరుతుంది. వయసు మళ్లేకొద్దీ ఎముకలు గుల్లబారి వెన్ను వంగుతుంది, ముఖం మీద సన్నని ముడతలు తొందరగా పడతాయి.

అదే పాతికేళ్లు దాటినవాడికి చేస్తే అప్పటికే వచ్చిన గొంతు తిరిగి సన్నబడదు. గడ్డం పలచబడి నెమ్మదిగా పెరుగుతుంది తప్ప మాయం కాదు. ఎత్తు మారదు. కండ తగ్గి ఒళ్లు మెత్తబడుతుంది. కోరిక కూడా ఒక్కరోజులో ఆరిపోదు, చాలామందిలో నెమ్మదిగా తగ్గుతుంది, కొందరిలో కొంత మిగులుతుంది. చైనా చరిత్రకారుడు సీమా చియాన్‌కు ఈ శిక్ష పడింది నడివయసులో, క్రీస్తుకు పూర్వం 99–98 ప్రాంతంలో. ఓడిపోయి శత్రువుకు చిక్కిన ఒక సేనాని తరఫున చక్రవర్తి ముందు మాట్లాడటం అతని నేరం. చావు శిక్షకు బదులు దీన్ని ఒప్పుకుని, బతికి, తన చరిత్ర గ్రంథం పూర్తి చేశాడు. అతన్ని సన్నగొంతుతో చూపించే నటుడు తప్పు చేస్తున్నట్టే.

ఎద్దుల మాట ఎత్తిన మీ మిత్రుడికి ఈ తేడా బాగానే తెలిసి ఉంటుంది. మూడో ఏడు దాటి, మూపురం నిలబడి, మెడ బలిశాక కోడెకు నొక్కిస్తే ఆ మూపురం ఎక్కడికీ పోదు. లేగదూడప్పుడే నొక్కిస్తే కాళ్లు సాగి, మెడ సన్నగా, ఆవు పోలికతో పెరుగుతుంది. అరక కట్టే రైతు అందుకే ఆగుతాడు. పశువుల దవాఖానలో వాడే బుర్డిజో పటకారు చర్మాన్ని కోయదు, లోపలి బీజనాళాన్ని నలిపేస్తుంది. ఒక్కో వైపు విడిగా, ఒకటి కాస్త పైన, ఇంకొకటి కాస్త కింద నొక్కుతారు. రెండూ ఒకే గీత మీద పడితే సంచి చర్మానికి నెత్తురు అందక కుళ్లిపోతుంది. నాళం పటకారు కిందినుంచి జారిపోతే ఆ వైపు బీజం బతికే ఉంటుంది, ఎద్దనుకున్నది ఆవుల వెంట పడుతుంది.

ఈ జారిపోయే చిక్కు మనుషుల విషయంలోనూ ఉండేది. ఏడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు, ఈజినా ద్వీపంవాడైన పాల్, నలిపే పద్ధతి, కోసే పద్ధతి రెండూ తన గ్రంథంలో రాశాడు. నలిపినవాళ్లలో కొందరికి కోరికలు మిగులుతున్నాయి కాబట్టి కోయడాన్నే ఎంచుకుంటారన్నాడు. మా వైద్యం ఒంటిని ప్రకృతి ఇచ్చిన స్థితికి తేవడానికి ఉన్నది, ఇది దానికి విరుద్ధం, అయినా పెద్ద హోదాలో ఉన్నవాళ్లు బలవంతపెడితే చేయక తప్పడం లేదు అనీ అందులోనే చెప్పుకున్నాడు. పదమూడు వందల ఏళ్ల కిందటి వైద్యుడు తన వృత్తి గురించి రాసుకున్న ఈ మాట నాటకంలో ఎక్కడైనా పనికొస్తుందేమో చూడండి.

ఇక ఏం కోశారన్నది. రోమన్ న్యాయశాస్త్రంలో పుట్టుకతోనే సంతానశక్తి లేనివాళ్లు, నలిపించబడినవాళ్లు, కోయబడినవాళ్లు వేర్వేరు. పెళ్లి, దత్తత హక్కులు దాన్నిబట్టి మారేవి. అరబ్బీలో వృషణాలు మాత్రమే పోయినవాడు ఖసీ, అన్నీ పోయినవాడు మజ్బూబ్. మీ వైపు మరాఠీలో పశువులకు వాడే 'ఖచ్చీ' ఈ ఖసీ చుట్టమే. ఇటలీ గాయకులకు వృషణాలే తీసేవారు. చైనా రాజసౌధంలోకి వెళ్లేవారికి, ఒట్టోమాన్ (టర్కీ) సుల్తాను అంతఃపురంలోని నల్లజాతి ఖోజాలకు లింగంతో సహా అంతా తీసేసేవారు.

పూర్తిగా తీసేస్తే ప్రాణం మీదికి వచ్చేది మూడు వైపుల నుంచి: నెత్తురు ఆగకపోవడం, పుండు చీము పట్టడం, మూత్రం దారి పూడుకుపోవడం. 19వ శతాబ్దపు పెకింగ్ (ఇప్పటి బీజింగ్) గురించి ఆంగ్లేయుడు జి. కార్టర్ స్టెంట్ రాసిన వివరాల ప్రకారం, కోత తరవాత మూడు రోజులు నీళ్లు ఇచ్చేవారు కాదు. మూడో రోజు కట్టు విప్పితే మూత్రం ధారగా వచ్చినవాడు బతికినట్టు, రానివాడికి నరకయాతన పడి చావే. బతికినవాళ్లలోనూ మచ్చ బిగిసి దారి సన్నబడటం, లేదా పట్టు తప్పి బట్టలు తడవడం జీవితాంతం ఉండేవి. కోసి తీసిన భాగాన్ని జాడీలో భద్రపరిచేవారు. పదోన్నతి వచ్చినప్పుడు తనిఖీలో చూపించాలి, చచ్చాక శవంతో పాటు పాతిపెట్టాలి. దాన్ని వాళ్లు 'నిధి' అనేవారు.

ఎంతమంది చచ్చేవారు? ఇక్కడ మీకు రెండు అంకెలు తగులుతాయి. రెండింటినీ గుడ్డిగా డైలాగ్‌లో పెట్టకండి. బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి జస్టీనియన్ 558లో ఈ కోతను నిషేధిస్తూ చేసిన శాసనంలో, తొంభై మందిలో ముగ్గురు కూడా బతకడం కష్టమని ఉంది. 1813–14 ప్రాంతంలో ఎగువ ఈజిప్టు తిరిగిన యాత్రికుడు బర్క్‌హార్ట్, అస్యూత్ దగ్గర కాప్టిక్ క్రైస్తవులు ఈ పని చేసే ఊరి గురించి రాస్తూ, ఆ శరదృతువులో అరవై మంది పిల్లలకు చేస్తే ఇద్దరే చచ్చారని చెప్పాడు. మొదటి అంకె నిషేధాన్ని సమర్థించుకునే రాజుది, రెండోది ఆ సరుకు అమ్ముకునే చోట విన్నది. ఏ వైపు మొగ్గు ఉందో అంకె చూడగానే తెలియాలి. పిల్లాడి వయసు, కోత రకం, చేసేవాడి చేయి తిరిగిన తీరు బట్టి చావులు చాలా మారి ఉంటాయి.

ఎవరి కోసం అన్న మూడో ప్రశ్నకు జవాబు డబ్బు దగ్గర మొదలవుతుంది. బర్క్‌హార్టే రాసిన లెక్క: యజమాని మూడు వందల పియాస్టర్లకు (అప్పటి అక్కడి నాణేలు) కొన్న పిల్లాడు ఈ కోత తట్టుకుని నిలిస్తే కొద్ది వారాల్లోనే వెయ్యి పియాస్టర్లు పలికేవాడు. ఇస్లాం ధర్మశాస్త్రం మనిషి బీజాలు కోయడాన్ని ఒప్పుకోదు, అందుకే ఆ పని సరిహద్దుల అవతల, ఇతర మతాలవాళ్ల చేత చేయించి, తయారైన బానిసను కొనుక్కునేవారు. క్రైస్తవ బైజాంటియంలోనూ అదే కథ, చట్టం తమ గడ్డ మీద కోయవద్దంది, సరిహద్దు బయటి నుంచి తెచ్చుకుంటే సరిపోయేది. నిషేధం ఒకవైపు, గిరాకీ ఒకవైపు ఉన్నప్పుడు దేశం ఏదైనా ఇదే ఎత్తు.

మన దేశంలో ఈ వ్యాపారానికి పేరుమోసిన చోటు బెంగాల్, అందులోనూ ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్. జహంగీర్ తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు: అక్కడివాళ్లు కొడుకుల్లో కొందరిని కోయించి పన్ను కింద సుబేదారుకు అప్పజెప్పేవారట. ఇక మీదట ఎవరూ చేయరాదని ఫర్మానా ఇచ్చాడు. ఔరంగజేబు కూడా నిషేధించాడు. ఇద్దరి అంతఃపురాల్లోనూ ఖోజాలకు మాత్రం కొదవ లేదు. శిస్తు కట్టలేని రైతు ఇంట్లో ఏ కొడుకును ఇవ్వాలో తేల్చుకునే రాత్రి ఎలా ఉంటుందో రాయగలిగితే, అది కోత సీన్‌కంటే గట్టిగా తగులుతుంది.

రాజులకు వీళ్లెందుకు? 'రాణుల దగ్గర భయం ఉండదని' అన్నది సగమే. ఖోజాకు కొడుకులుండరు, అల్లుళ్లుండరు, అత్తవారి వంశం ఉండదు. పుట్టిన ఊరు, భాష, కులం చిన్నప్పుడే తెగిపోయాయి. రాజు పోతే తానూ పోతాడు. కొడుకు కోసం సింహాసనం మీద కన్నేసే మంత్రికంటే ఇలాంటివాడు నయమని రాజుల లెక్క. పైగా అంతఃపురానికీ సభకూ మధ్య అడ్డు లేకుండా తిరగగలిగేది అతనొక్కడే. ఎవరు రాజును కలవాలో, ఏ చీటీ లోపలికి పోవాలో చెప్పేది కూడా అతనే. అధికారం అక్కడ పుట్టింది. బైజాంటియంలో కొన్ని ఉద్యోగాలు ఖోజాలకే ప్రత్యేకించారు. ఒట్టోమాన్ దర్బారులో 'కిజ్లర్ అగా' అనే అంతఃపుర పెద్ద హోదాలో వజీర్ల సరసన నిలిచేవాడు. మన అర్థశాస్త్రంలో రాజు నిద్ర లేచి మొదటి గది దాటి రెండో గదిలోకి వచ్చేసరికి, అంగీ తొడిగి తలపాగా చుట్టిన వర్షధరులు, అంటే అంతఃపుర ఖోజాలు, ఎదురొస్తారు. మీ వేషానికి ఇది దారి చూపిస్తుంది: అంగీ, తలపాగా. చీర కాదు.

రాజుల లెక్క ప్రతిసారీ కుదరలేదు. 1394లో జౌన్‌పూర్‌కు పంపిన మాలిక్ సర్వర్ ఖోజాయే. అక్కడ స్వతంత్రుడై, తన తరవాత దత్తపుత్రుణ్ణి కూర్చోబెట్టాడు, షర్కీ వంశం అలా నిలబడింది. బెంగాల్‌లో 1487లో ఒక ఖోజా సుల్తానును చంపి తానే గద్దెనెక్కాడు. కొరియాలో ఖోజాలు పెళ్లిళ్లు చేసుకుని, కోయబడిన పిల్లలనే దత్తు తీసుకుని వంశవృక్షాలు రాసుకున్నారు. ఆ వంశవృక్షాల్లోని 81 మంది ఆయుర్దాయం లెక్కగట్టి 2012లో ఒక పరిశోధన వచ్చింది. వాళ్లు సగటున 70 ఏళ్లు బతికారు, అదే హోదాలోని మామూలు మగవాళ్లకంటే 14 నుంచి 19 ఏళ్లు ఎక్కువ. ముగ్గురు నూరు దాటారు.

మతం కోసం తమను తాము కోసుకున్నవాళ్లు వేరే తెగ, వాళ్లను తొందరగా దాటేస్తాను. రోమ్‌లో సిబెలీ దేవత పూజారులు, రష్యాలో 18వ శతాబ్దంలో పుట్టిన స్కోప్త్సీ శాఖ ఆ కోవలోవి. 325లో నైసియా క్రైస్తవ సభ చేసిన మొట్టమొదటి నియమమే, ఆరోగ్యంగా ఉండి తనను తాను కోసుకున్నవాడు పూజారిగా ఉండరాదని.

గొంతు గురించి అడిగారు కాబట్టి ఇటలీ దగ్గర కొంచెం ఆగాలి. చర్చి గానబృందంలో ఆడవాళ్లు పాడరాదని అప్పటి నియమం. పై స్థాయి పాడే మగపిల్లల గొంతు మూడు నాలుగేళ్లలో మారిపోతుంది. ఈ చిక్కుకు దొరికిన పరిష్కారం, మంచి గొంతున్న పేదింటి పిల్లలను ఎనిమిది, పది ఏళ్ల ప్రాంతంలో కోయించి నేపుల్స్ సంగీత పాఠశాలల్లో ఏళ్ల తరబడి సాధన చేయించడం. కంఠం పిల్లాడిదే, కానీ పక్కటెముకలు సాగి ఛాతీ పెద్దదవుతుంది. పిల్లాడి స్వరపేటికలోకి పెద్దమనిషి ఊపిరితిత్తుల గాలి. అందుకే ఆ గొంతు సన్నగా ఉంటుందే తప్ప పీలగా ఉండదు, థియేటర్ చివరి వరసదాకా మోగుతుంది. ఫారినెల్లి (1705–1782) దీనికి పేరుపడ్డవాడు. కోయించినవాళ్లలో ఎక్కువమంది ఫారినెల్లిలు కాలేదు, గొంతు పలకక ఊరి చర్చిల్లో మిగిలిపోయారు. 1903లో పోప్ పదో పయస్ చర్చి సంగీతం నుంచి ఈ గొంతును తొలగించాడు. ఆఖరివాళ్లలో ఒకడైన అలెస్సాండ్రో మొరెస్కి 1902లో, 1904లో గ్రామఫోన్ రికార్డులిచ్చాడు. అవి ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మీ నటుడికి ఒకసారి వినిపించండి. పాడింది నలభై దాటిన మనిషి, రికార్డింగ్ కూడా పాతది, అది దృష్టిలో పెట్టుకుని వినాలి.

'పౌరుషం యాడుంటది' డైలాగ్ సంగతి. ఖోజా అయిన నార్సెస్ డెబ్బై దాటిన వయసులో బైజాంటియం సైన్యాన్ని నడిపి 552లో గోథుల రాజు టోటిలాను ఓడించాడు. 1405 నుంచి 1433 దాకా ఏడు సముద్రయాత్రల్లో చైనా నౌకాదళాన్ని మన కాలికట్ దాటించి ఆఫ్రికా తీరం దాకా చేర్చిన జెంగ్ హె కూడా అలాంటివాడే. ఇరాన్‌లో ఆగా మొహమ్మద్ ఖాన్‌ను ఆరేళ్ల ప్రాయంలో శత్రువు కోయించాడు, వంశం అంతరించాలని. ఆ పిల్లాడే పెరిగి ఇరాన్‌ను గెలిచి, 1796లో షాగా కిరీటం పెట్టుకుని, కజార్ వంశాన్ని నిలబెట్టాడు. క్రూరత్వంలోనూ ఎవరికీ తీసిపోలేదు. ఆ డైలాగ్ ఉంచాలనుకుంటే ఓరుగల్లు కోట మీది ఒక సైనికుడి నోట పెట్టండి, తరవాతి సీన్‌లోనే మట్టికోట పడిపోయినట్టు చూపించండి.

హిజ్రాలు, ఖోజాలు ఒకటి కాదు. దర్బారు ఖోజాలు బలవంతంగా కోయబడిన బానిసలు, మగ దుస్తులు వేసుకున్నవాళ్లు, కత్తి పట్టి లెక్కలు రాసి జాగీర్లు ఏలినవాళ్లు. ఔధ్ నవాబు ఇంటి బేగంల ఖోజాలు జవాహర్ అలీ ఖాన్, బహార్ అలీ ఖాన్‌లను ఖజానా ఆచూకీ కోసం ఈస్ట్ ఇండియా కంపెనీవాళ్లు ఖైదు చేయడం 1780ల్లో లండన్ పార్లమెంటుదాకా వెళ్లింది. హిజ్రాలది గురువు, చేలా వరసలతో నడిచే సొంత సమాజం. చాలామందికి గుజరాత్ బహుచరా మాత ఇలవేల్పు. కోత చేయించుకున్నవాళ్లూ ఉన్నారు, చేయించుకోనివాళ్లూ ఉన్నారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టింది ఆంగ్లేయుల చట్టం. 1871 నాటి నేరస్త తెగల చట్టంలో రెండో భాగం 'యూనక్కు'ల (ఖోజాకు ఇంగ్లీషు మాట) పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించమంది. నిజాం ప్రభుత్వం 1329 ఫస్లీలో, అంటే 1919లో, అలాంటిదే చేసింది. ఆడ దుస్తులతో వీధిలో ఆడి పాడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చని అందులో రాశారు. మీ రాజురా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోదే కాబట్టి మీ తాతల కాలపు సర్కారు చట్టమది. తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది 2023 జూలైలో. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న మూడో జెండర్‌ను గుర్తించింది. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం మాటలతో, మానసికంగా హింసించడాన్ని కూడా నేరంగా రాసింది. మీ దర్శకుడికి ఈ ఒక్క వాక్యం చూపిస్తే చాలనుకుంటాను.

కోత సీన్ పెట్టకండి. కాఫర్ ఢిల్లీ చేరేనాటికే అది జరిగిపోయిన ముచ్చట. రంగులు పూసిన గుడ్డలు, కేకలతో అది చూపిస్తే పిల్లలు జడుసుకుంటారు, పెద్దలు నవ్వుతారు. దాని బదులు ఖంభాత్ సంత పెట్టండి: ఒక వర్తకుడు, ఒక కుర్రాడు, ఒక తక్కెడ, బేరం. వెయ్యి దీనార్ల అంకె చివర్లో పలికించండి. కోతకు ముందు ధర, తరవాతి ధర వర్తకుడే చెప్తాడు. కోత అన్నమాట రాకుండానే ప్రేక్షకుడికి అర్థమవుతుంది. మనుషులకు అలా చేయడం 1860 శిక్షాస్మృతిలోనే తీవ్రమైన గాయాల జాబితాలో మొట్టమొదటిది. ఇష్టపడి చేయించుకునేవాళ్లకు ఇవాళ ఆసుపత్రులున్నాయి. నాటు చేతుల్లో పడితే పెకింగ్‌లో చంపిన నెత్తురు, చీము, మూత్రం దిగ్బంధమే ఇప్పటికీ చంపుతాయి. మీ బృందంలో ఎవరికైనా ఆ ఆలోచన ఉంటే ఈ సంగతి చెప్పండి.

ఇక వేషం. కాఫర్‌ను ఏ వయసులో కోశారో రచయితగా మీరు ముందే నిర్ణయించుకుని, నాటకమంతా దానికే కట్టుబడండి. చిన్నప్పుడే అనుకుంటే మీ బృందంలో అందరికంటే పొడుగువాణ్ణి తీసుకోండి. అంగీ చేతులు మణికట్టు దాటకుండా రెండు అంగుళాలు కురచగా కుట్టించండి, చేతులు పొడుగ్గా కనిపిస్తాయి. గడ్డం నున్నగా గీసి, నీలిరంగు నీడ కూడా లేకుండా పౌడర్ వేయాలి. గొంతు పై స్థాయిలో, నిండు ఊపిరితో, నింపాదిగా. కీచుమని కాదు. పెద్దయ్యాక కోశారనుకుంటే మామూలు గొంతు, పలచని గడ్డం, కాస్త మెత్తని ఒళ్లు చాలు. రెంటిలో ఏదైనా నడక సేనాపతిదే. కవచం, తలపాగా, నడుముకు ముద్ర ఉన్న సంచి. నాకైతే మొదటిదే రంగస్థలం మీద బాగుంటుందనిపిస్తుంది. పొడుగాటి మనిషి, గడ్డం లేని ముఖం, మోగే సన్నగొంతుతో ఆజ్ఞలు ఇస్తుంటే ఎవరికీ నవ్వు రాదు.

మీ ప్రాంతం కథలో ఉంది, వదులుకోకండి. కాఫర్ 1309 అక్టోబరు చివర ఢిల్లీ నుంచి కదిలాడు. దారిలో వజ్రాల గని ఒకటి తగిలిందని ఆ దండయాత్ర గురించి ఢిల్లీ దర్బారు కవి అమీర్ ఖుస్రో రాశాడు, దాన్ని మీ పక్క గడ్చిరోలి జిల్లాలోని వైరాగడ్‌గా గుర్తిస్తారు. ఆ తరవాత పట్టుకున్న 'సర్బర్' కోటను మీకు దగ్గర్లోని సిర్పూరుగా చరిత్రకారులు గుర్తించారు. 1310 జనవరిలో ఓరుగల్లు చేరి, బయటి మట్టికోటను పట్టుకుని, లోపలి రాతికోట ముందు సంధికి ఒప్పుకున్నాడు. ప్రతాపరుద్రుడు మెడలో గొలుసు వేసిన తన బంగారు బొమ్మను పంపాడని ఖుస్రో మాట. ఏనుగులు, గుర్రాలు, ధనంతో జూన్‌లో కాఫర్ ఢిల్లీ చేరాడు.

అందుకే మీ చివరి సీన్ మార్చాలి. కోటను కూల్చి ప్రతాపరుద్రుణ్ణి బంధించి తీసుకుపోయింది 1323లో ఉలుఘ్ ఖాన్, తరవాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు. రాజు ఢిల్లీ దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడు. కాఫర్ అప్పటికి లేడు. 1316 జనవరిలో అల్లావుద్దీన్ పోయాక పసివాడైన యువరాజును గద్దె మీద పెట్టి నెల పైచిలుకు రోజులు రాజ్యం నడిపాడు, సుల్తాను పెద్ద కొడుకు కళ్లు తీయించాడు, సుల్తాను అంగరక్షకుల చేతిలోనే చచ్చాడు. మీ నాటకం 1310లో ఆగాలంటే బంగారు బొమ్మ దగ్గర ఆపండి. 1323 దాకా పోవాలనుకుంటే ఉలుఘ్ ఖాన్‌కు వేరే నటుణ్ణి పెట్టుకోండి.